సన్‌రూఫ్‌కు ఏ గ్రీజు, ఏ స్ప్రే? నల్లగొండ, పాలమూరు దుమ్ములో తిరిగే కార్లకు ఎంపిక సలహా

ఈ నాలుగైదేళ్లలో మన దగ్గర సన్‌రూఫ్ (పైకప్పులో తెరుచుకునే గాజు) కార్లు బాగా పెరిగాయి. క్రెటా, సెల్టోస్, హెక్టర్, నెక్సాన్, ఎక్స్‌యూవీ 700, ఇలా ఏ పెళ్లికి పోయినా పందిరి ముందు నాలుగైదు కనిపిస్తాయి. మారుతి కూడా 2022లో బ్రెజాతో సన్‌రూఫ్ ఇవ్వడం మొదలుపెట్టింది. కానీ బండి చేతికిచ్చేటప్పుడు షోరూమ్‌లో స్విచ్ ఎలా నొక్కాలో చూపిస్తారే గానీ, దాన్ని ఎలా చూసుకోవాలో చెప్పేవాళ్లు తక్కువ.

రెండు మూడు ఎండాకాలాలు గడిచాక కిర్రుమనడం మొదలవుతుంది. అప్పుడు తలా ఒకటి చెప్తారు. ఒకరు డబ్ల్యూడీ-40 అనే స్ప్రే కొట్టమంటారు, ఒకరు గ్రీజు పెట్టమంటారు, ఇంకొకరు కొబ్బరినూనె రుద్దితే చాలంటారు. ఇవన్నీ ఒకే పని చేసేవి కావు. నా మాట ముందే చెప్పేస్తాను: గాజు చుట్టూ ఉండే రబ్బరు అంచుకు, అంటే బీడింగ్‌కు సిలికాన్ వాడండి. గాజు జారే పట్టాలకు చాలా పలుచగా సిలికాన్ గ్రీజు గానీ, పొడిగా ఆరిపోయే పీటీఎఫ్‌ఈ (నాన్‌స్టిక్ పెనాలకు పూసే పదార్థం) స్ప్రే గానీ వాడండి. డబ్ల్యూడీ-40, ట్రాక్టరుకు కొట్టే గ్రీజు మాత్రం రెండింటికీ వద్దు. చలి దేశాల వాళ్లు రాసిన సలహాలు మన ఎండను, దుమ్మును లెక్కలోకి తీసుకోవు. అందుకే కారణాలతో సహా రాస్తున్నాను.

గాజు వెనకాల ఏముంది

గాజుకు రెండు పక్కలా అల్యూమినియం పట్టాలుంటాయి. వాటిలో ప్లాస్టిక్ స్లైడర్లు జారుతుంటాయి. చిన్న మోటార్ తిరిగితే తీగ చుట్టిన ఉక్కు కేబుల్ ఒకటి ఆ స్లైడర్లను ముందుకూ వెనక్కూ తోస్తుంది. గాజు చుట్టూ రబ్బరు బీడింగ్ ఉంటుంది. ఇది చాలా కార్లలో ఈపీడీఎం అనే రకం రబ్బరు. ఎండకూ వానకూ బాగా తట్టుకుంటుంది. కానీ పెట్రోలియం నూనె పడితే ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఆకారం చెడుతుంది. ఏ డబ్బా కొనాలనేది చాలావరకు ఈ ఒక్క గుణమే తేలుస్తుంది.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటుంది. బీడింగ్ వాన నీళ్లను పూర్తిగా ఆపదు. అలా ఆపాలని దాన్ని తయారు చేయలేదు కూడా. గట్టి వానలో కొంత నీరు అంచు నుంచి లోపలికి దిగుతుంది. గాజు కింద చుట్టూ ఉన్న కాలువలో పడి, మూలల్లో ఉన్న సన్నటి పైపుల గుండా కారు కిందికి పోతుంది. ముందు పైపులు పెద్ద అద్దం పక్కనున్న పిల్లర్లలోంచి దిగుతాయి. వెనకవి డిక్కీ వైపు పిల్లర్లలోంచి దిగుతాయి. ఆ పైపు మూసుకుపోతే నీరు పోయే దారి లేక లోపలి రూఫ్ గుడ్డ మీదికో, కాళ్ల కింది కార్పెట్‌లోకో వస్తుంది. అప్పుడు "బీడింగ్ పోయింది, మార్చాలె" అని చెప్పే మెకానిక్‌లు ఉన్నారు. పైపు చూడకుండా బీడింగ్ మార్చడానికి ఒప్పుకోవద్దు. కొత్త బీడింగ్ వేసినా మూసుకుపోయిన పైపు తెరుచుకోదు కదా.

చప్పుడు ఎప్పుడొస్తోంది?

డబ్బా కొనే ముందు ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవాలి. గాజు మూసి ఉండి, గతుకుల మీద పోతున్నప్పుడు మాత్రమే కిర్రుమంటే అది ఎక్కువగా రబ్బరు చప్పుడు. ఎండిన బీడింగ్ గాజుకూ పెయింటుకూ రాసుకుంటోంది. తేల్చుకోవడం సులువే. అదే గతుకుల రోడ్డు మీద గాజును వెనక వైపు కొంచెం పైకి లేపి నడపండి. చప్పుడు ఆగిపోతే రబ్బరే. దానికి పట్టాల్లో గ్రీజు పెట్టి లాభం లేదు.

తెరిచేటప్పుడు, మూసేటప్పుడు మాత్రమే గరగరమంటే పట్టాల్లో దుమ్ము చేరిందన్నమాట, లేదా పాత గ్రీజు గట్టిపడింది. గాజు సగం దాకా మూసుకుని దానంతట అదే వెనక్కి పోతోందంటే భయపడకండి. చెయ్యి ఇరుక్కుంటే ఆగి వెనక్కి పోయే ఏర్పాటు అందులో ఉంటుంది. పట్టాల్లో రాపిడి పెరిగితే మోటార్ దాన్నే అడ్డు అనుకుంటుంది. చాలాసార్లు శుభ్రం చేసి పలుచగా గ్రీజు రాస్తే సరిపోతుంది. బ్యాటరీ తీసి పెట్టాక ఒక్క నొక్కుతో మూసుకోవడం ఆగిపోతే మాత్రం అది గ్రీజు సంగతి కాదు. సన్‌రూఫ్‌ను రీసెట్ చేయాలి. స్విచ్ ఎంతసేపు పట్టుకోవాలో కారును బట్టి మారుతుంది కాబట్టి మాన్యువల్ చూడండి.

హైవే మీద స్పీడు పెంచితే ఈల వేసినట్టు గాలి చప్పుడు వస్తుంటే బీడింగ్ ఎక్కడో మడత పడి ఉంటుంది, లేదా గాజు ఒక పక్క ఎత్తుగా కూర్చుని ఉంటుంది. ఏ స్ప్రే కొట్టినా అది పోదు.

ముందు దుమ్ము తీయాలి

మన చెలక నేలల దుమ్ములో ఇసుక రేణువులు ఎక్కువ. నార్కట్‌పల్లి నుంచి సూర్యాపేట దాకా 65వ నంబరు హైవే మీద కంకర టిప్పర్ల వెనక పోయినా, జడ్చర్ల దాటాక 44 మీద మట్టి లారీల వెనక పోయినా అద్దం మీద గరుకుగా తగిలేది అదే. కోతల కాలంలో హార్వెస్టర్లు లేపే నుసి, రోడ్ల పక్క ఆరబోసిన వడ్ల పొట్టు, మిర్యాలగూడ వైపు మిల్లుల ఊక బూడిద, జిన్నింగ్ మిల్లుల దగ్గర ఎగిరే పత్తి నూగు, అన్నీ చేరేది ఆ పట్టాల్లోకే. దీని మీద తడి గ్రీజు పూస్తే గ్రీజూ ఇసుకా కలిసి సాన పట్టే ముద్దలా మారి ప్లాస్టిక్ స్లైడర్లను అరగదీస్తుంది. శుభ్రం చేయకుండా ఏది రాసినా రాయకపోవడం కంటే నష్టం.

ఎలా చేయాలో చెప్తాను. పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు, నీడలో గాజును పూర్తిగా తెరవండి. ఇంజన్ ఆపి తాళంచెవి బయటికి తీయండి. వేళ్లు లోపల ఉండగా ఎవరైనా స్విచ్ నొక్కితే ప్రమాదం. సీట్ల మీద పాత దుప్పటి పరచండి. పట్టాల్లో మెత్తటి పాత టూత్ బ్రష్ ఆడించి, వదులైన దుమ్మును వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగండి. వ్యాక్యూమ్ లేకపోతే కొద్దిగా తడిపిన గుడ్డతో ఎత్తాలి. ఊదితే అదంతా మూలల్లోని పైపుల్లోకి పోతుంది. తర్వాత తెల్లటి బనీను గుడ్డను వేలికి చుట్టి పట్టా పొడుగునా ఒక్కసారి లాగి చూడండి. ఎర్రమట్టి, పొట్టు ముక్కలు, వేపాకు ఈనెలు, వాటన్నిటినీ పట్టుకుని ఉన్న నల్లటి పాత గ్రీజు బయటికొస్తాయి. గుడ్డ దాదాపు తెల్లగా వచ్చేదాకా గుడ్డలు మార్చుతూ తుడవండి. గట్టిపడ్డ గ్రీజు మొండికేస్తే గుడ్డకు కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవొచ్చు. మెడికల్ షాపులో దొరుకుతుంది. పెట్రోల్, కిరోసిన్, థిన్నర్ మాత్రం ముట్టుకోవద్దు. అవి రబ్బరును, ప్లాస్టిక్‌ను, కింద పడితే రూఫ్ గుడ్డను కూడా తినేస్తాయి.

బీడింగ్‌ను మామూలు కార్ షాంపూ కలిపిన నీళ్లతో తుడిచి, మంచి నీళ్లతో మళ్లీ తుడవండి. నల్లగొండ వైపు చాలా చోట్ల బోరు నీళ్లలో ఉప్పులెక్కువ. ఆరాక రబ్బరు మీద, గాజు మీద తెల్లటి మరకలు మిగులుతాయి. ఈ ఒక్క పనికి నల్లా నీళ్లో, వాటర్ ప్లాంటు క్యాన్ నీళ్లో వాడండి. రెండు మగ్గులు సరిపోతాయి. రబ్బరు పూర్తిగా ఆరాకే ఏదైనా రాయాలి.

అదే ఊపులో పైపులు కూడా చూసేయండి. చిన్న టీ గ్లాసుతో నీళ్లు తీసుకుని ముందు మూలలోని రంధ్రం దగ్గర మెల్లగా పోయండి. ముందు చక్రం దగ్గర కింద కారాలి. నీళ్లు మూలలోనే నిలిచిపోతే పైపు మూసుకుపోయినట్టే. గడ్డి కోసే మిషన్‌కు వేసే నైలాన్ తీగ వ్యవసాయ పనిముట్ల షాపులో మీటర్ల లెక్కన దొరుకుతుంది. దాని కొస కొద్దిగా రుద్ది గుండ్రంగా చేసి, మెల్లగా తోయండి. ఇనుప తీగ, సైకిల్ బ్రేకు వైరు వాడితే పైపుకు చిల్లు పడుతుంది. పంక్చర్ షాపులో గాలి కొట్టించడం ఇంకా ప్రమాదం. ఆ ప్రెషర్‌కు పైపు పిల్లర్ లోపల కీలు దగ్గర ఊడిపోతే, మళ్లీ పెట్టాలంటే రూఫ్ గుడ్డ విప్పాలి. పిల్లర్ మీది ప్లాస్టిక్ పట్టీలు మీరే పీకి చూడాలని కూడా అనుకోవద్దు. చాలా కార్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ అక్కడి నుంచే పోతుంది.

ఏ డబ్బా దేనికి

అందరి చేతికీ మొదట తగిలేది డబ్ల్యూడీ-40. అట్లాస్ క్షిపణి పైరేకు తుప్పు పట్టకుండా 1953లో అమెరికాలో తయారు చేసిన ద్రవం అది. తేమను తరమడానికి, తుప్పు పట్టిన బోల్టు వదులు చేయడానికి ఇప్పటికీ దానికి తిరుగులేదు. నేను దాన్ని చెడ్డదనడం లేదు, సన్‌రూఫ్‌కు పనికిరాదంటున్నాను. అందులో ఎక్కువ భాగం ఆవిరైపోయే పెట్రోలియం ద్రావకం. కంపెనీ వేసిన గ్రీజును కరిగించి కడిగేస్తుంది. రెండు రోజులు చప్పుడు లేకుండా జారుతుంది, "చూశావా, ఎంత బాగా పని చేసిందో" అనిపిస్తుంది. తర్వాత ద్రావకం ఎగిరిపోయి పలుచని నూనె పొర మిగులుతుంది. మన దుమ్ముకు అది జిగురు పెట్టినట్టే. రబ్బరుకూ మంచిది కాదు. అదే కంపెనీ సిలికాన్ స్ప్రే, పీటీఎఫ్‌ఈ స్ప్రే కూడా వేరే డబ్బాల్లో అమ్ముతుంది. అవి వేరు, ఇది వేరు. షాపువాడు ఇచ్చింది తీసుకోకుండా డబ్బా మీద ఏం రాసుందో చదవండి.

గ్యారేజీలో గ్రీజు గన్‌లో ఉండేది ట్రాక్టర్ల, లారీల కోసం పెట్టే చాసిస్ గ్రీజు. బేరింగుల్లో, బుష్‌లలో దాని పని అది బాగా చేస్తుంది. సన్‌రూఫ్ పట్టాకు మాత్రం అది మరీ చిక్కన. మోటార్‌కు బరువు పెంచుతుంది, దుమ్మును పట్టి ఉంచుతుంది. "అన్నా, జర గ్రీజు కొట్టిస్త" అని మెకానిక్ ప్రేమగా అన్నా, మర్యాదగా వద్దని చెప్పండి.

తెల్ల లిథియం గ్రీజు స్ప్రే మధ్యరకం. ఇనుము మీద ఇనుము రాసుకునే చోట, అంటే డోరు కీళ్లకు, బానెట్ లాక్‌కు, సీటు కింది పట్టాలకు నేనూ అదే వాడమంటాను. ఎండకు కరిగి కారిపోతుందని కొందరంటారు గానీ అది నిజం కాదు. లిథియం గ్రీజు జారిపోయే వేడి 180 డిగ్రీల పైమాట. మన మే నెల ఎండ దాన్ని కరిగించలేదు. అసలు సమస్య వేరు. వేడికి అందులోని నూనె మెల్లగా విడిపోతుంది, గ్రీజును చిక్కగా ఉంచే సబ్బు పదార్థం మిగిలి, పసుపు రంగుకు తిరిగి గట్టిపడుతుంది, ఈలోగా దుమ్ము చేరుతుంది. సన్‌రూఫ్ పట్టాలో వేరే ఏదీ దొరకనప్పుడు చాలా కొద్దిగా వాడితే మునిగిపోయేది లేదు, కానీ రబ్బరుకు తగలనివ్వద్దు.

సిలికాన్ స్ప్రే రబ్బరుకు నా మొదటి ఎంపిక. ఈపీడీఎంను ఉబ్బించదు, ఎండకు చెడదు, నీటిని అంటనివ్వదు. కిర్రుమనే బీడింగ్ దీనితోనే చాలావరకు నోరు మూసుకుంటుంది. కానీ రాసే పద్ధతి ముఖ్యం. నేరుగా రూఫ్ మీద కొట్టకండి. గుడ్డకు కొట్టి, ఆ గుడ్డతో బీడింగ్ పొడుగునా రుద్ది, పది నిమిషాల తర్వాత పొడి గుడ్డతో తుడిచేయండి. తుడవకపోతే దాని మీదా దుమ్ము నిలుస్తుంది. ముందు అద్దం మీద పడితే వైపర్ ఆడినప్పుడల్లా మసక వస్తుంది, రాత్రి ఎదురు లైట్లకు రోడ్డు కనపడదు. ఇంకొక ఇబ్బంది పెయింటింగ్‌ది. సిలికాన్ అంటిన చోట సరిగా కడగకుండా కొత్త పెయింట్ కొడితే చిన్న చిన్న గుంటలు పడతాయి. డెంటింగ్, పెయింటింగ్‌కు ఇవ్వబోతుంటే ఆ పని అయ్యాకే సిలికాన్ రాయండి, లేదా పెయింటర్‌కు ముందే చెప్పండి.

సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబులో వస్తుంది. స్ప్రే కంటే ఎక్కువ రోజులు నిలుస్తుంది. పట్టాలకూ, రబ్బరుకూ రెండింటికీ పనికొస్తుంది. ఒకే వస్తువు కొని సరిపెట్టుకోవాలనుకునేవాళ్లు ఇదే కొనండి. ప్లాస్టిక్ స్లైడర్లకు హాని చేయదు, వేడికి పలచబడదు. చూపుడు వేలితో కొద్దిగా తీసుకుని స్లైడర్ జారే గాడిలో మాత్రమే సన్నగా రాయండి. గాజును రెండు మూడు సార్లు మొత్తం తెరిచి మూయండి. చివర్లకు పోగయిన ముద్దను తుడిచేయండి. కంటికి గ్రీజు కనపడుతోందంటే ఎక్కువైనట్టే. పాత గ్రీజు తుడవకుండా దాని మీదే వేరే రకం పెట్టొద్దు. రెండు రకాలు కలిస్తే కొన్నిసార్లు గట్టిపడతాయి, కొన్నిసార్లు నీళ్లలా కారతాయి.

పొడి పీటీఎఫ్‌ఈ స్ప్రే అంటే నాన్‌స్టిక్ పెనాలకు పూసే పదార్థమే, స్ప్రే రూపంలో. కొట్టిన వెంటనే తడిగా ఉంటుంది, ద్రావకం ఎగిరిపోయాక జారే పొడి పొర మిగులుతుంది. దుమ్ము అంటుకోదు. మన వైపు తిరిగే బండ్ల పట్టాలకు దీన్ని మించింది నాకు కనపడలేదు. లోపం ఏమిటంటే పొర త్వరగా అరుగుతుంది, గ్రీజు కంటే తరచుగా వేయాలి. నల్లటి రబ్బరు మీద తెల్లగా కనపడుతుంది, రబ్బరును మెత్తగా ఉంచే గుణం కూడా లేదు కాబట్టి బీడింగ్‌కు వాడొద్దు. డబ్బాను బాగా ఊపాలి, లేకపోతే ఉత్త ద్రావకమే బయటికొస్తుంది. సన్నటి గొట్టం తగిలించి, కింద గుడ్డ పట్టుకుని పట్టాలోకే కొట్టండి.

వీటన్నిటి పైన క్రైటాక్స్ లాంటి ఫ్లోరిన్ గ్రీజులున్నాయి. రబ్బరుకు, ప్లాస్టిక్‌కు హాని లేదు, వేడికి చెక్కుచెదరదు, ఏళ్ల తరబడి నిలుస్తుంది. కానీ చిన్న ట్యూబే వేలల్లో ఉంటుంది. పెద్ద పనోరమిక్ గాజు ఉండి, కిర్రు చప్పుడు సిలికాన్‌తో మళ్లీ మళ్లీ తిరిగొస్తుంటే బీడింగ్‌కు దాన్ని ఆలోచించొచ్చు. మామూలు బండికి అంత అవసరం లేదు.

ఇంట్లో ఉండేవాటి సంగతి కూడా చెప్పాలి. కొబ్బరినూనె చలికాలం పొద్దున గడ్డకడుతుంది, ఎండాకాలం కారుతుంది, పాతబడితే జిగటవుతుంది. వాజిలైన్ పెట్రోలియం సరుకు. ఎండలో నిలబెట్టిన బండి పైన అది కరిగి జారుతుంది, రబ్బరుకూ పడదు. వాడేసిన ఇంజన్ ఆయిల్ గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. దయచేసి వద్దు.

మీ బండికి ఏది?

రోజూ హైవే మీద తిరిగే బండి, క్రషర్లు, మట్టి రోడ్లు, పొలం గట్ల దాకా పోయే బండి అయితే పట్టాలకు పొడి పీటీఎఫ్‌ఈ, బీడింగ్‌కు సిలికాన్ స్ప్రే. రెండు మూడు నెలలకోసారి దుమ్ము తుడవడం తప్పదు. ఇంట్లో షెడ్డు కింద ఉండి వారానికోసారి హైదరాబాద్ పోయొచ్చే బండికి అంత శ్రమ అక్కర్లేదు. పట్టాలకు సిలికాన్ గ్రీజు ఏడాదికోసారి రాస్తే చాలు.

చెట్టు కింద నిలబెట్టే బండికి మాత్రం నా లెక్క మారుతుంది. వేప, చింత, కానుగ చెట్ల నీడ బండికి మంచిదే. కానీ వాటి పూత, సన్నటి ఆకులు సరిగ్గా ఆ పైపు రంధ్రాల్లోనే చేరతాయి. అక్కడ ఏ గ్రీజు అన్నది రెండో ప్రశ్న, పైపులు మొదటి ప్రశ్న. మన్ననూరు అడవి దారిలో శ్రీశైలం పోయొచ్చినప్పుడల్లా ఒకసారి గాజు తెరిచి ఆకులు ఏరేయండి.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి అయితే ముందు యజమాని ఏం పూశాడో మనకు తెలియదు. పట్టాలను పూర్తిగా తుడిచి, మొదటి నుంచి మొదలుపెట్టాలి.

మడత టాప్ కార్లు

బీఎండబ్ల్యూ జడ్4, మినీ కన్వర్టిబుల్ లాంటి టాప్ మొత్తం మడిచే కార్లు మన హైవేల మీదా అప్పుడప్పుడు కనిపిస్తాయి. వాటి రబ్బరుకు చెప్పాల్సింది ఇదే, సిలికాన్. టాప్ మడతపడే కీళ్లకు పొడి పీటీఎఫ్‌ఈ చుక్క చుక్కగా చాలు. పై గుడ్డకు తగలకుండా చూడాలి, నూనె మరక పోదు. పై గుడ్డకు నూనె, పాలిష్ ఏదీ వద్దు. మెత్తటి బ్రష్, ఘాటు లేని షాంపూ, ఆరాక నీరు అంటనివ్వని ఫ్యాబ్రిక్ స్ప్రే, అంతే. తడిగా ఉన్నప్పుడు మడిచి పెడితే బూజు పడుతుంది. వాడకపోయినా నెలకోసారి పూర్తిగా తెరిచి మూయాలి. టాప్‌ను కదిపేది కొన్ని కార్లలో హైడ్రాలిక్ పంపు, కొన్నిటిలో ఉత్త ఎలక్ట్రిక్ మోటార్లు. హైడ్రాలిక్ అయితే అందులో ఏ ద్రవం పోయాలో కంపెనీ చెప్పిందే పోయాలి. తప్పు ద్రవం పోస్తే సిలిండర్ల సీళ్లు పోతాయి. టాప్ మెల్లగా లేస్తోందంటే, ఒక పక్క వెనకబడుతోందంటే గ్రీజు డబ్బా తీయకుండా ముందు ఆ ద్రవం ఎంతుందో, ఎక్కడైనా కారుతోందో చూడాలి. థార్ లాంటి వాటి చేత్తో మడిచే క్యాన్వాస్ టాప్‌కు మోటార్ బాధ లేదు. దాని మీద దుమ్ము దులపడం, ఆరబెట్టడం ముఖ్యం.

ఎప్పుడు చేయాలి?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. నల్లగొండలో, పాలమూరులో 44 డిగ్రీలు దాటే ఆ రోజుల్లో ఎండలో నిలబెట్టిన బండి రూఫ్ మీద చెయ్యి పెట్టలేం. రబ్బరు ఎండిపోయేది అప్పుడే. అందుకే మృగశిరకు ముందే, అంటే జూన్ మొదటి వారంలోపు ఒకసారి మొత్తం చేసేయండి. పైపుల పరీక్ష తొలకరి వాన పడకముందే అయిపోవాలి. వానాకాలం వరికోతలు అయ్యి ఆ నుసి తగ్గాక, డిసెంబర్‌లో ఇంకోసారి; షెడ్డు కింది బండికి గ్రీజు మాత్రం ఏడాదికోసారి చాలు. రోజూ దుమ్ములో తిరిగే బండికి మధ్యలో తుడవడం తప్పదు. మిగతావాటికి చప్పుడు లేకపోతే మధ్యలో ఏమీ చేయకండి గానీ, నెలల తరబడి అసలు తెరవకుండా కూడా ఉంచకండి. రబ్బరు గాజుకు అతుక్కుపోతుంది. బాగా దుమ్ము రేగే చోట తెరవొద్దు. వాన వెలిసిన వెంటనే తెరిస్తే పైన నిలిచిన నీళ్లన్నీ లోపలికి వస్తాయి, ముందు తుడవండి.

పని అయ్యాక స్ప్రే డబ్బాను డిక్కీలో వదిలేయకండి. ఆ డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. మే నెలలో మూసిన కారు లోపల ఆ వేడి సులువుగా దాటుతుంది. ఇంట్లో నీడలో పెట్టండి, పొయ్యికి దూరంగా.

ఎవరితో చేయించాలి?

దుమ్ము తీయడం, రబ్బరుకు రాయడం, పైపుల్లో నీళ్లు పోసి చూడటం ఎవరికి వాళ్లు చేసుకోవచ్చు. పొద్దున గంటన్నర పని. స్ప్రే, ట్యూబు రెండూ కలిపి కొన్ని వందలు, ఏళ్ల పాటు వస్తాయి. పరిచయమున్న మెకానిక్‌తో చేయిస్తే మీ డబ్బా మీరే తీసుకుపోయి, పక్కన నిలబడి చేయించండి. వాటర్ సర్వీసింగ్‌లో బండి కడిగించేటప్పుడు గాజు అంచుల మీద దగ్గర నుంచి ప్రెషర్ గన్ పెట్టొద్దని ముందే చెప్పండి.

వారంటీ ఉన్న బండి అయితే గరగర చప్పుడు మొదలైన రోజే షోరూమ్‌లో చూపించి జాబ్ కార్డులో రాయించుకోండి. రాతలో లేకపోతే తర్వాత వాదించడానికి ఏమీ ఉండదు. మీరు ఏదో పూశాక తీసుకుపోతే తప్పు మీ మీదికే వస్తుంది.

గాజు ఒక పక్క ముందుకు, ఇంకో పక్క వెనక్కి వంకరగా నిలిస్తే, టక్కుమని విరిగిన చప్పుడు వస్తే, మోటార్ తిరుగుతున్న శబ్దం వినిపించినా గాజు కదలకపోతే అక్కడితో ఆపేయండి. కేబుల్ తెగిందో, స్లైడర్ విరిగిందో ఉంటుంది. మళ్లీ మళ్లీ స్విచ్ నొక్కినా, చేత్తో తోసినా రెండో పక్క కూడా విరుగుతుంది. ఖర్చు ఇంకా పెరుగుతుంది. గాజు తెరిచి ఉండగా ఆగిపోతే, వాన రాకముందే మందపాటి ప్లాస్టిక్ కవర్ కప్పండి. దాని అంచులను డోర్ల మీది నుంచి లోపలికి మడిచి, డోర్లు మూసి బిగించండి. పెయింట్ మీద టేపు అతికించకండి, ఎండకు జిగురు దిగిపోతుంది. తర్వాత మెల్లగా నడుపుకుంటూ సర్వీస్ సెంటర్‌కు పోవచ్చు, హైవే స్పీడు మాత్రం వద్దు.